ఒక్క కిర్రు

చెప్పులక్క అసలు పేరు ఆ స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె బతుకంతా పరాయి కాళ్ళ నడకే. తెర మీద హీరో టకటకా మెట్లు దిగితే ఆ టకటక చెప్పులక్కది. విలన్ గులకరాళ్ళ మీద కాలీడ్చుకుంటూ పోతే ఆ ఈడుపూ ఆమెదే. షూటింగులో పట్టిన అడుగుల చప్పుడు ఎందుకూ పనికిరాదు. పక్కన జనరేటరు హోరు, ఎవరో దగ్గడం, లైట్ల మనిషి తిట్టడం అన్నీ అందులో కలిసిపోతాయి. అందుకని అడుగులన్నిటినీ తర్వాత మూసిన గదిలో, బొమ్మ చూస్తూ, మళ్ళీ వేయాలి. ఆ గదిలో ఒక ఇసుక గుంట, ఒక గులకరాళ్ళ గుంట, చెక్క పలకలు, ఒక నాపరాయి, మూడు ట్రంకు పెట్టెల నిండా రెండొందల జతల చెప్పులు.

"సభకొచ్చినోళ్ళంతా చెప్పులిడిచి లోపలే మాయమైపోయినట్టుంటదక్కా నీ గది" అనేవాడు మౌని.

మౌని సౌండు ఇంజనీరు. నిద్రలో తప్ప నోరు మూతపడదు గనక అందరూ కలిసి ఆ పేరు పెట్టారు. అద్దానికి అవతల కూర్చుని ఆమె వేసిన చప్పుళ్ళన్నీ రికార్డు చేస్తాడు.

ఆ వారం వాళ్ళ చేతికొచ్చింది గోడల డైరెక్టరు సినిమా. ఎదురుగా 'సార్' అంటారు గానీ, చాటున ఆయన గోడల డైరెక్టరే. మనుషుల్ని బొమ్మ అంచుకు నెట్టేసి నడిమధ్యన గోడను చూపిస్తాడు. ఏడవాలన్నా, కొట్టుకోవాలన్నా, చావాలన్నా మనిషి ఆ గోడ అవతలికి పోవలసిందే. మనకు వినబడేది చప్పుడే. గోడలకు చెవులుంటాయని లోకం అంటుంది, ఈయన గోడలకు నోళ్ళు కూడా ఉంటాయి. ఇంకొకటి, ఆయన కెమెరా నేలకు మూడడుగుల ఎత్తు దాటదు. నాలుగు సినిమాలు తీస్తే నాలుగూ అంతే. పత్రికలవాళ్ళు అది వినయమనీ, మట్టికి దగ్గరగా ఉండే చూపనీ పేజీలు నింపారు. "చూపు సంగతి తర్వాత, ముందా కెమెరామాన్ మోకాళ్ళు చూడండి" అని మౌని ఎకసెక్కం.

చెప్పులక్కకు మాత్రం ఆయన దగ్గర పనంటే ఇష్టం. మొదటి సినిమాకు ఆయన ఒక మూసిన తలుపు బొమ్మ చూపించి, గడియ చప్పుడు వేయమన్నాడు. "లోపలి గడియా, బయటి గడియా బాబూ?" అని ఆమె అడిగింది. అప్పటిదాకా కాగితాల్లో దూర్చిన తలను ఆయన పైకెత్తి చూశాడు. గడియ లోపల పడితే ఎవరో భయపడి దాక్కున్నారు. బయట పడితే ఎవరినో బంధించారు. తలుపు అదే, బొమ్మ అదే, కథ ఎక్కడికో పోతుంది. ఆ రోజునుంచి ఆమె చెయ్యి, సారీ, కాలు పడకుండా ఆయన సినిమా బయటికి పోలేదు.

ఈ ఐదో సినిమా కథ ఆయన సొంత తల్లి చావే.

ఆ సంగతి అందరికీ అంతో ఇంతో తెలిసిందే. ఆయనకు ఆరేళ్ళప్పుడు తల్లి మేడమెట్ల మీంచి పడి చనిపోయింది. తండ్రి వడ్రంగి. ఆ మెట్లు ఆయన చేతితో చేసినవే. మొగుడే తోశాడన్నారు. కేసు నిలబడలేదు గానీ మాట నిలబడిపోయింది. పిల్లవాణ్ణి మేనమామ తీసుకుపోయి పెంచాడు. తండ్రి ఆ ఇంట్లోనే ముప్పై నాలుగేళ్ళు ఒంటరిగా ఉండిపోయాడు. మొన్న కొడుకు వచ్చి షూటింగుకు ఇల్లు కావాలంటే తాళంచెవి చేతిలో పెట్టి, తన పక్క వెనకాల షెడ్డులోకి మార్చుకున్నాడట. ఏం సినిమా అని అడగనైనా లేదట.

సోమవారం పొద్దున డైరెక్టరు స్వయంగా వచ్చి ఆ బొమ్మ వేసి చూపించాడు.

మేడ మీదినుంచి కిందికి చూస్తున్న మెట్లు. తల్లి వేషం వేసినామె దుప్పట్ల మోపు గుండెకు హత్తుకుని దిగుతోంది. మొహం లేదు, వీపే. ఒక మెట్టు, ఇంకో మెట్టు. ఉన్నట్టుండి కెమెరా ముందుకు దూకింది. ఆ వీపు పెద్దదై తెరంతా నిండింది. ఆ వెంటనే వట్టి గోడ, పది సెకన్లు. పడటం ఎక్కడా కనబడదు. ఇదంతా మూగగానే నడిచింది. చప్పుడు లేని ఆ బొమ్మ చూస్తే చెప్పులక్కకు మెడ వెనక ఎవరో ఊదినట్టయింది.

"నా సినిమాలన్నిట్లో కెమెరా కదిలింది ఇదొక్కచోటే అక్కా" అన్నాడాయన. "ఎందుకో అక్కడ పరిగెత్తాలనిపించింది. ఆ పరుగుకు మా నాన్న బూట్లు వేయండి."

"బూట్లు వేస్తే ఇక చెప్పేదేముంది బాబూ. ఆయనే తోసినట్టు."

"అవును. గురువారం మిక్సింగ్ థియేటర్లో వేస్తాం. ఆయన్నీ రమ్మన్నాను. ముందు వరసలో కూర్చోబెడతాను. నేను వెనక కూర్చుని ఆయన వీపు చూస్తాను. మొహం అబద్ధం ఆడుతుంది, వీపుకు చేతకాదు."

మాట మెత్తన, పట్టు ఉడుముది. చెప్పులక్క అడిగింది. "అప్పుడు మీరెక్కడున్నారు?"

"కింద వంటింట్లో. చూడలేదు, విన్నాను. కిందనుంచి ఏడో మెట్టు కాలు పడితే కిర్రుమంటుంది. అమ్మ దిగుతుంటే కిర్రుమంది. తర్వాత వెనకనుంచి గబగబా అడుగులు. తర్వాత పడిపోయింది."

"అమ్మ ఏడో మెట్టు దాటాక పడింది. అంటే వెనక వచ్చినాయన కూడా ఏడో మెట్టు తొక్కాలిగా. కిర్రు రెండుసార్లా?"

"లేదు, ఒక్కసారే. ఆ లెక్క తప్పొద్దక్కా. ముప్పై నాలుగేళ్ళుగా నా చెవిలో ఉన్నది ఒక్క కిర్రే."

తన దగ్గరున్న పలకలకు ఆ కిర్రు రాదని చెప్పులక్క అంది. ఇల్లు ఎటూ పడగొట్టిస్తున్నాం, ఆ మెట్లే ఊడదీయించి పంపిస్తానన్నాడు ఆయన.

మంగళవారం వ్యానులో మెట్లు వచ్చాయి. వాటి మీద చెయ్యి వేసుకుని డైరెక్టరు తండ్రి, ఆ పెద్దాయన కూడా వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, వేళ్ళు మాత్రం ఇంకా పటకారులే. ఏ పలక తర్వాత ఏది బిగించాలో తనకొక్కడికే తెలుసట. పలకల అడుగున ఉలితో గీసిన గుర్తులు తడుముకుంటూ, మేకన్నది లేకుండా, ఒకదాన్లో ఒకటి దూర్చి సాయంత్రానికల్లా నిలబెట్టాడు. పదకొండు మెట్లు. చెప్పులక్క గదిలో నేలనుంచి లేచి, పైన ఎక్కడికీ పోకుండా, కప్పు కింద గాలిలో ఆగిపోయాయి.

"వడ్రంగి ఇంట్లో కిర్రుమనే మెట్టేంది పెద్దాయనా" అని మౌని ఊరుకోలేక అడిగాడు. "డాక్టరింట్లో దగ్గులాగా."

"సందులో చెక్కముక్క దూర్చి సరిచేస్తానంటే ఆవిడ వద్దంది" అన్నాడు పెద్దాయన. "కిర్రుమంటే మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది, ఉండనీ అంది. తర్వాత ఇక సరిచేయబుద్ధి కాలేదు."

గురువారం దాకా అక్కడే ఉండి, పనయ్యాక మెట్లు తానే విప్పుతానన్నాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

బుధవారం మధ్యాహ్నం చెప్పులక్క, మౌని అద్దం అవతల డబ్బాలు విప్పుకుని అన్నం తింటున్నారు. గదిలో మైకు తెరిచే ఉంది. స్పీకర్లో కిర్రుమంది.

ఇద్దరి చేతులూ ముద్ద దగ్గర ఆగిపోయాయి. అద్దంలోంచి చూస్తే గదిలో ఎవరూ లేరు. మెట్లు నిలబడి ఉన్నాయి, అంతే.

"ఏసీకి చెక్క ఆరుతోంది" అన్నాడు మౌని.

"ముప్పై ఏళ్ళ పైబడ్డ చెక్క ఇంకా ఆరేదేముందిరా?"

మౌని డబ్బా మూత పెట్టేశాడు.

తిన్నాక చెప్పులక్క పెద్దాయన పాత బూట్లు దగ్గర పెట్టుకుంది. ఇంట్లో అటక మీద దొరికాయని డైరెక్టరు పంపినవి. ముందు తల్లి అడుగులు వేసింది, ఒట్టి పాదాలతో, దుప్పట్ల మోపు పట్టుకుని. ఏడో మెట్టు కిర్రుమంది. బాగానే వచ్చింది. తర్వాత బూట్లు తొడుక్కుని పరుగు. పదకొండు, పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. కిర్రు. రెండోది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మెట్టు అంచు మీద నడిచింది. కిర్రు. గోడ వైపు నడిచింది. కిర్రు. ఏడోదాన్ని తప్పించి ఎనిమిది మీంచి ఆరు మీదికి దూకింది. కిర్రు లేదు గానీ గదంతా దద్దరిల్లేలా ధబ్బుమంది. ఆ ధబ్బును కింద వంటింట్లో ఉన్న పిల్లవాడు వినకుండా ఎలా ఉంటాడు?

"రెండో కిర్రు నేను కంప్యూటర్లో కోసేస్తాలే అక్కా" అన్నాడు మౌని. "క్షణం పని."

"కొయ్యడం పెద్ద పనా. ఆయన ఎందుకు వినలేదన్నదిరా నా బాధ."

ఆ చిక్కును పక్కనబెట్టి, మిగిలిన పని చూద్దామనుకుంది. వంటింట్లో పిల్లవాడు తిరిగే బొమ్మ ఒకటుంది. పసివాళ్ళ అడుగులు కాళ్ళతో వేయడం కుదరదు, బరువు ఎక్కువైపోతుంది. చేతులతో వేయాలి. బరువు చూసే మిషను మీద రెండు అరచేతులూ ఆనించి, ముల్లు ఇరవై కిలోల దగ్గర ఆగేటట్టు అదమడం అలవాటు చేసుకుంది. ఆరేళ్ళ పిల్లవాడి బరువు అంతే. చేతులకు ఆ బరువు పట్టుబడ్డాక, ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, లేచి వెళ్ళి మెట్ల పక్కన నిలబడి, చేతికందిన పై మెట్టునుంచి కిందికి వరసగా ఒక్కో మెట్టు మీదా అరచేతులు వేసుకుంటూ వచ్చింది. తప్ తప్ తప్ తప్.

ఏడో మెట్టు పలకలేదు.

ఇంకోసారి వేసింది. పలకలేదు. ఇరవై కిలోలకు ఆ చెక్క నోరు తెరవదు.

చెప్పులక్క మోకాళ్ళ మీద కూర్చుంది. తల తిప్పితే ఎదురుగా మానిటరులో ఆగిపోయిన బొమ్మ. దుప్పట్ల మోపుతో దిగుతున్న తల్లి వీపు. మోకాళ్ళ మీద ఉన్న ఆమె కళ్ళు, ఆ కెమెరా కళ్ళు సరిగ్గా ఒక ఎత్తులో ఉన్నాయి. పెద్దాయన మెట్ల పైన నిలబడి చూసి ఉంటే ఆ వీపు అలా కనబడదు, నడినెత్తి కనబడుతుంది. నేలకు మూడడుగులు. ఐదు సినిమాలు. ఆ డైరెక్టరు ఇన్నేళ్ళూ మెట్ల పైనే నిలబడి ఉన్నాడు, ఆరేళ్ళ ఎత్తున. తనకే తెలియదు.

ఆమె వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో.

"మౌనీ, టీ తాగిరా పో" అంది చెప్పులక్క. ఆ గొంతు విని వాడు లేచి వెళ్ళాడు.

పెద్దాయన వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు చెక్కను నిమిరాడు.

"పరిగెత్తుకుంటూ పోయి వెనకనుంచి వాటేసుకోవడం వాడి ఆట" అన్నాడు. "వాళ్ళమ్మ నవ్వేది. ఆ రోజు చేతిలో దుప్పట్లు, కాలు కనబళ్ళేదు. నేను షెడ్డులో చిత్రిక పడుతున్నా. చప్పుడైతే పరిగెత్తుకొచ్చా. వాడు ఆరో మెట్టు మీద దుప్పటి పట్టుకుని నిలబడున్నాడు. ఇంకా ఆటేననుకుంటున్నాడు తల్లీ."

చెప్పులక్క కాళ్ళకున్న బూట్లు విప్పి పక్కన పెట్టింది.

"నాలుగు రోజులు జ్వరం. లేచి, నేను వంటింట్లో ఉన్నా నాన్నా అన్నాడు. ఔనన్నాను."

"జనం అన్ని మాటలంటే మీరు కాదని చెప్పొచ్చుగా."

"నేను తోయలేదంటే, మరెవరని అడుగుతారు గదమ్మా." బూట్ల వైపు చూశాడు. "వాడు చెప్పినట్టే వేసెయ్యి. నా బూట్లే వెయ్యి. ఇన్నేళ్ళు మోసినోణ్ణి, రేపటి దాకా మోయలేనా."

ఇప్పుడు బరువు వచ్చి చెప్పులక్క నెత్తిన పడింది. ఆ పరుగుకు బూట్లు వేస్తే తండ్రి హంతకుడు, ఊరూరా తెర మీద, చచ్చేదాకా, చచ్చాక కూడా. పసి పాదాలు వేస్తే కొడుకు రేపటినుంచి మనిషిగా మిగలడు. బొమ్మ రెంటికీ ఒప్పుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పెద్దాయనా, నేను దయ్యాలకు అడుగులేశాను, రాక్షసులకు వేశాను" అంది చివరికి. "అవి కథలు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆయన వేయని అడుగు నేను వేయను. పిల్లవాడి అడుగులూ వేయను, అది నేను చెప్పాల్సింది కాదు. మీరు ఆ రోజు వేసిన అడుగులున్నాయే, షెడ్డునుంచి మెట్ల దాకా, అవి కావాలి. అవి మీరే వేయండి."

"వాడికి చెప్పవుగా?"

"నేను ఒక్క ముక్క చెప్పను."

మౌని వచ్చాక పెద్దాయన తన పాత బూట్లు తానే తొడుక్కుని గులకరాళ్ళ గుంటలో నిలబడ్డాడు. చెప్పులక్క చెయ్యి ఊపింది. ఆయన నడిచాడు. "ఆ రోజు మీరు నడవలేదుగా" అంది ఆమె మెల్లగా. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, డెబ్బై ఏళ్ళ మనిషి, బారెడు గుంటలో, ఉన్నచోటే పరిగెత్తాడు. రాళ్ళు ఎగిరి అద్దానికి తగిలాయి. ఆగాక గుండె పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఎగశ్వాస కూడా మౌని రికార్డులో పడింది.

చివరికి రూమ్ టోన్ మిగిలింది. వట్టి గది చప్పుడు. ఏ గది మౌనం ఆ గదిదే, ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. అందుకని ప్రతి పనికీ అందరూ బొమ్మల్లా నిలబడి ఒక నిమిషం మౌనాన్ని రికార్డు చేస్తారు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆ మెట్ల చుట్టూ నిలబడ్డారు. ఆ నిమిషం ఎంతకీ తెగలేదు.

గురువారం పదకొండింటికి మిక్సింగ్ థియేటరు. ముందు వరసలో పెద్దాయన ఒక్కడే. వెనక మెట్ల వరసల పైన, చిట్టచివర డైరెక్టరు. నడుమ బల్ల దగ్గర మౌని, పక్కన చెప్పులక్క. దీపాలారాయి.

తల్లి దిగుతోంది. దుప్పట్ల గరగర. ఒట్టి పాదాలు. ఏడో మెట్టు కిర్రుమంది. కెమెరా ముందుకు దూకింది.

అక్కడ బూట్లు లేవు. అక్కడ చెప్పులక్క పెట్టింది ఆ గది మౌనం, అంతే.

ఆ మౌనంలో తప్ తప్ తప్ తప్ అని వినబడింది.

తల్లి పడింది. గోడ. దూరాన ఎక్కడో చిత్రిక చప్పుడు టక్కున ఆగింది. గులకరాళ్ళ మీద బూట్ల పరుగు మొదలైంది. బయటనుంచి, దూరంనుంచి, దగ్గరికి, ఇంకా దగ్గరికి. గడప. ఎగశ్వాస. అక్కడితో ఆగిపోయింది.

"ఆపండి" అన్నాడు డైరెక్టరు చీకట్లోంచి. మౌని ఆపాక మళ్ళీ అన్నాడు. "నాన్న బయటనుంచి వచ్చాడు."

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఆ ఒట్టి కాళ్ళ చప్పుడు ఎవరు వేశారు?"

"ఒట్టి కాళ్ళెక్కడివి సార్" అన్నాడు మౌని. "అక్కడ ఖాళీ. కావాలంటే చూడండి, గీత తిన్నగా ఉంది." నిజంగానే అతని బల్ల మీద ఆకుపచ్చ గీత చదునుగా, చచ్చినట్టు పడి ఉంది. మౌని చెప్పులక్క వైపు తిరిగాడు. ఆమె మొహం చూడగానే తెలిసింది. ఆమె విన్నది. ముందు వరసలో పెద్దాయన తల కూడా, ఆ చప్పుడు వచ్చినప్పుడు, సగం వెనక్కి తిరిగి ఆగిపోయి ఉంది.

"మళ్ళీ వేయండి" అన్నాడు డైరెక్టరు.

మౌని వేశాడు. తల్లి దిగుతోంది. చెప్పులక్క వెనక్కి చూసింది. డైరెక్టరు కుర్చీలోంచి జారి, నడవ మెట్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తెర వెలుగు ఆయన మొహం మీద నేలకు మూడడుగుల ఎత్తున పడుతోంది. నలభై ఏళ్ళ మొహంలో చూపు మాత్రం నలభైది కాదు.

ఏడో మెట్టు కిర్రుమంది.

"నేను వంటింట్లో లేను" అన్నాడు. ఎవరితోనూ కాదు.

ఆయన లేచాడు. చెప్పులు ఎప్పుడు విడిచాడో, ఒట్టి పాదాలతో నడవ మెట్లు దిగడం మొదలుపెట్టాడు. మెల్లగా, తర్వాత గబగబా. కార్పెట్ మీద తప్ తప్ తప్ తప్. కిందెక్కడో తండ్రి వీపు, కదలకుండా, తెరకు అడ్డంగా.

పెద్దాయన వెనక్కి చూడలేదు. ముప్పై నాలుగేళ్ళుగా ఎరిగిన అడుగులాయె. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, కాళ్ళు నేలకు తన్ని, వెనకనుంచి వచ్చి మెడకు చుట్టుకునే బరువుకు పడిపోకుండా కాచుకుని కూర్చున్నాడు.